పాత బొమ్మల నోటుపుస్తకాలు చదివి, బొమ్మల సాధన మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా?

చిన్నప్పుడు బాగా గీసి, చదువుల్లోనో ఉద్యోగంలోనో పడి మానేసినవాళ్లు తరచూ అడిగేది ఒకటే: మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో దీనికి జవాబు చాలాసార్లు అటక మీదే దొరుకుతుంది. ట్రంకు పెట్టె అడుగున పడున్న నోటుపుస్తకాలు, శుభలేఖల వెనక గీసిన బొమ్మలు, అమ్మ దాచిన ముగ్గుల పుస్తకం: ముందు చూడవలసినవి ఇవే.

కొత్త పెన్సిళ్లు కొని, వీడియో పాఠాలు పెట్టుకుని మొదలెట్టినా చేయి పాత దారిలోనే నడుస్తుంది. బొమ్మలు మానేసి పదేళ్లయినా చేతి అలవాటు పోదు. అది మంచిదో కాదో తేల్చాలంటే పాత బొమ్మలు ఒక వరసలో పెట్టి చూడాలి. సర్దడానికి రెండు ఆదివారాలు, చదవడానికి ఒక పూట, ఆ తరువాత ఆరు వారాల సాధన. తొందరపడి సర్దే పని ఎగ్గొడితే మిగతాది నిలవదు.

1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

- మెత్తటి వెడల్పు బ్రష్షు ఒకటి (గోడలకి వాడనిది, కొత్తది)
- ఉతికి ఆరేసిన పాత నూలు గుడ్డలు
- తెల్ల ఏ4 కాగితాలు ఒక కట్ట, పుటల మధ్య పెట్టడానికి
- అట్ట ఫైళ్లు లేదా మందపాటి కవర్లు
- హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు (బీ ముందు అంకె పెరిగేకొద్దీ ముల్లు మెత్తన, గీత నలుపు); బ్లేడు; మెత్తటి రబ్బరు
- 120 నుంచి 160 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉన్న ఏ4 స్కెచ్ పుస్తకం ఒకటి
- గీతల నోటుపుస్తకం ఒకటి, పరిశీలనలు రాసుకోవడానికి
- ఫోను, 30 సెం.మీ. స్కేలు, సుద్దముక్కలు

ఖరీదైన కాగితం కొనకండి. ఖరీదు చూసి చేయి భయపడుతుంది, పుస్తకం ఖాళీగా ఉండిపోతుంది. అలాగని జిరాక్సు కాగితం మీదే అన్నీ గీయడమూ మంచిది కాదు. 70, 80 జీఎస్ఎం కాగితం నాలుగుసార్లు రబ్బరు పెడితే పైపొర లేచిపోతుంది.

2. ఇల్లంతా వెతికి పోగుచేయడం

డ్రాయింగ్ పుస్తకంలో ఉన్నవి సాధారణంగా మాస్టారు వేయమన్నవి. చేతి అలవాటు తెలిసేది ఎవరూ చెప్పకుండా గీసిన చోట. అందుకని ఇవి వెతకండి:

- లెక్కల పుస్తకం ఆఖరి పుటలు, సైన్సు రికార్డులు
- శుభలేఖల వెనక వైపు, క్యాలెండరు కాగితాల వెనక వైపు
- అమ్మ, మామ్మ, అక్కల ముగ్గుల నోటుపుస్తకాలు
- పలక, తలుపు వెనక, గోడ మీద మిగిలిన గీతలు (ఫొటో తీస్తే చాలు)
- బంధువులకి రాసిన ఉత్తరాల అంచులు

ముగ్గుల పుస్తకం మీది కాకపోయినా పక్కన పెట్టుకోండి. మన ఇళ్లలో పిల్లలు మొదట చూసే బొమ్మ వాకిట్లోదే. అందులోని పువ్వు, చిలక, దీపం ఆకారాలు మీ బొమ్మల్లోకి ఎలా వచ్చాయో తరువాత తెలుస్తుంది.

ఈ దశలో ఏదీ పారేయకూడదు. సగంలో ఆగిన బొమ్మలు, కొట్టేసిన బొమ్మలు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తాయి.

3. దుమ్ము, చెమ్మ, పురుగు

గంజాం తీరంలో గాలిలో చెమ్మ ఎక్కువ. గజపతి, రాయగడ కొండల్లో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. అటక మీది కాగితం పొడిగా కనబడినా లోపల తడి పట్టి ఉంటుంది.

ముందు నోటుపుస్తకాలు నీడలో, ఫ్యాను కింద, పుటలు కొంచెం విప్పి నిలబెట్టండి. ఒక పూట చాలు. ఎండలో పెట్టకండి. ఎండకి చవక కాగితం ఇంకా పచ్చబడి పెళుసవుతుంది, స్కెచ్ పెన్ను రంగులూ బాల్‌పెన్ను సిరాలూ వెలిసిపోతాయి. పెన్సిలు గీత వెలవదు, చెదురుతుంది. కాబట్టి దాన్ని తుడవకండి.

దుమ్ము దులిపేటప్పుడు బ్రష్షు మధ్య నుంచి అంచుకి నడవాలి. బూజు కనిపిస్తే ఆ పుస్తకం వేరుగా తీసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బయట అరుగు మీద దులపండి. ఇంట్లో ఫ్యాను కింద దులిపితే బూజు మిగతా పుస్తకాల మీద పడుతుంది.

తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు తీసేయాలి. వేలితో లాగితే కాగితం చిరుగుతుంది. పిన్ను కాళ్లు వెనక నుంచి సన్న చాకుతో పైకి లేపి, తరువాత ముందు నుంచి తీయండి. పుటలు విడిపోకుండా తెల్లదారంతో కుడితే సరిపోతుంది.

చేయకూడనివి:

- చిరుగులకి సెల్లోటేపు. కొన్నేళ్లకి టేపు ఊడి, జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది.
- లామినేషన్. మళ్లీ విడదీయలేరు.
- పచ్చి వేపాకు పుటల మధ్య పెట్టడం. మరక పడుతుంది. ఎండిన ఆకు గుడ్డసంచిలో కట్టి పెట్టెలో ఒక మూల పెట్టండి.
- ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం. చెమ్మ లోపలే ఉండిపోయి బూజుకి దారిస్తుంది.

4. కాలక్రమంలో పెట్టడం

తేదీ వేసుకునే అలవాటు చిన్నప్పుడు ఎవరికీ ఉండదు. అయినా ఆధారాలు దొరుకుతాయి.

నోటుపుస్తకం లేబులు మొదటిది. ఒడియా బడిలో చదివినవాళ్ల పుస్తకాల మీద ‘శ్రేణి’ పక్కన తరగతి అంకె ఉంటుంది. లేబులు ఊడిపోతే లోపలి పాఠం చూడండి, తరగతి తెలుస్తుంది.

శుభలేఖ ఇంకా గట్టి ఆధారం. తేదీ చిరిగిపోయినా తెలుగు సంవత్సరం పేరు ఉంటే చాలు. విరోధి నామ సంవత్సరం అని ఉంటే 2009 ఉగాది నుంచి 2010 ఉగాది దాకా; నందన అయితే 2012 ఉగాది నుంచి 2013 ఉగాది దాకా. దాని వెనక బొమ్మ అంతకంటే ముందుది అయ్యే వీలు దాదాపు లేదు. పెళ్లయ్యాక ఎన్నాళ్లకి గీశారో మాత్రం అది చెప్పదు.

ఏదీ దొరకకపోతే మూడు కుప్పలు చేయండి: పదేళ్ల లోపువి, పది నుంచి పద్నాలుగు మధ్యవి, ఆ తరువాతవి. ఇంతకన్నా సన్నగా విడదీయాలని కూర్చుంటే పని అక్కడే ఆగిపోతుంది.

ప్రతి బొమ్మ వెనక, కింది మూల, హెచ్‌బీ పెన్సిలుతో తేలిగ్గా ఒక అంకె వేయండి. పెన్ను వాడకండి, సిరా ముందుకి దిగుతుంది.

5. ఫొటో తీయడం

బొమ్మ నేల మీద చదునుగా, కిటికీకి దగ్గరగా, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. ఉదయం తొమ్మిది లోపు వెలుతురు బాగుంటుంది. ఫోను బొమ్మకి సరిగ్గా పైన, దానికి సమాంతరంగా ఉండాలి. నాలుగు మూలలూ తెరలో పడాలి. ఫ్లాష్ వద్దు. పెన్సిలు మెరిసి గీత కనబడదు.

పక్కన స్కేలు పెట్టి తీయండి. బొమ్మ అసలు కొలత తరువాత కావాలి.

స్కానరు ఉంటే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు. అరచేతిలో ఇమిడే చిన్న బొమ్మలకి 600. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత బొమ్మ అంకె, తరువాత విషయం ఉండాలి: 2009-014-కొబ్బరిచెట్టు. ఇలా పెడితే ఫోను వాటంతట అవే వరసలో చూపిస్తుంది. ఫోనులో ఒక ప్రతి, పెన్‌డ్రైవులోనో ఇంకో ఇంట్లోనో ఒక ప్రతి ఉంచండి.

6. చేతి అలవాట్లు చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మూడు కుప్పల నుంచి తలా పది బొమ్మలు తీసి నేల మీద మూడు వరసలు పరచండి. నచ్చినవి ఏరకండి, చేతికొచ్చినవి తీయండి. ముందు నిలబడి చూడండి, ఆ తరువాత కూర్చుని. నిలబడితే బొమ్మ కాగితంలో ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది, కూర్చుంటే గీత తెలుస్తుంది.

గీతల నోటుపుస్తకంలో ఒక్కో అలవాటుకి ఒక్కో వరస గీసి, కనబడ్డ ప్రతిసారీ ఒక గీత పెట్టండి. ముప్ఫైలో పదికి మించితే అది అలవాటు కింద లెక్క. అంతకు తక్కువైతే ప్రస్తుతానికి వదిలేయండి.

6.1 గీత. ఒక భుజమో చెట్టు మానో ఎంచుకుని చూడండి. ఒకే గీతలో వచ్చిందా, పది చిన్న గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయా? రెండోది వెంట్రుక గీత. చేయి మణికట్టు దగ్గరే కదలడం వల్ల వస్తుంది. మణికట్టు ఒకసారికి కొన్ని సెంటీమీటర్లే తిరుగుతుంది, ఆ తరువాత చేయి ఎత్తక తప్పదు. ఇంకో కారణం, గీత ఎక్కడ ఆగాలో ముందు అనుకోకపోవడం.

6.2 ఒత్తిడి. కాగితం తిప్పి వెనక వైపు వేళ్లతో తడమండి. గీతలు గట్లలా తగిలితే చేయి మరీ ఒత్తింది. ఒత్తిన గీత రబ్బరుకి పోదు, గాడి మిగిలిపోతుంది. బొమ్మంతా ఒకే నలుపులో ఉండటం దీనికి ఇంకో గుర్తు.

6.3 స్థానం. బొమ్మ ఎప్పుడూ కాగితం నడిమధ్య చిన్నగా ఉందా? అంతా కింది అంచు మీద నిలబడి, పైన సగం ఖాళీగా ఉందా? కుడివైపు చోటు చాలక చేతులు ఇరుక్కున్నాయా? మూడిటికీ మూలం ఒకటే: చోటు ముందు చూసుకోకుండా మొదలెట్టడం.

6.4 ముఖం తిరిగిన వైపు. పక్కనుంచి గీసిన ముఖాలు లెక్కపెట్టండి. కుడిచేతి వాళ్లు గీసినవి ఎక్కువగా ఎడమవైపు చూస్తుంటాయి. ఇది తప్పు కాదు. కానీ ముప్ఫైలో ఒక్కటీ కుడివైపు తిరగలేదంటే, చేయి ముఖాన్ని చూడటం మాని ఒక గుర్తును దించుతోంది.

6.5 కళ్ల చోటు. తల పైనుంచి గడ్డం దాకా కొలవండి. కళ్లు సుమారు సగంలో ఉండాలి. పాత బొమ్మల్లో కళ్లు దాదాపు ఎప్పుడూ పైకి పోయి ఉంటాయి, నుదురు ఉండదు. జుట్టు మొదలైన చోటే తల మొదలైందనుకోవడం వల్ల ఇలా అవుతుంది. పెద్దవాళ్ల ఒంటి పొడవు సుమారు ఏడు, ఏడున్నర తలలు. స్కేలు పెట్టి చూడండి, చిన్నప్పటి బొమ్మల్లో నాలుగో అయిదో వస్తుంది.

6.6 దాచినవి. చేతులు వెనక్కి కట్టుకున్న మనుషులు, గడ్డిలో మునిగిన పాదాలు, చీర కుచ్చిళ్ల కింద మాయమైన కాళ్లు. గీయడం రానిదాన్ని దాచే తెలివి పిల్లలకి బాగా ఉంటుంది, పెద్దయ్యాక కూడా పోదు. దాచినవన్నీ ఒక పట్టీ రాయండి. మీ ఆరు వారాల పాఠాల్లో సగం ఇందులోనే ఉంటాయి.

6.7 వచ్చేసిన బొమ్మ. రెండు త్రికోణపు కొండలు, మధ్యలో సూర్యుడు, పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, ముందు ఏరు. ఇది ఎన్నిసార్లు వచ్చిందో విడిగా లెక్కపెట్టండి. దీనికి సిగ్గుపడనక్కర్లేదు. ఎనిమిదో విభాగంలో దీనితోనే మొదలుపెడతాం.

6.8 ఆగిన చోటు. సగంలో ఆగిన బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టండి. ముఖం అయ్యాక ఆగినవెన్ని, నీడలు వేయాల్సి వచ్చినప్పుడు ఆగినవెన్ని, రంగు దగ్గర చెడి వదిలేసినవెన్ని? ఎక్కువ బొమ్మలు ఏ మెట్టు దగ్గర ఆగాయో మళ్లీ మొదలుపెట్టినప్పుడూ అక్కడే ఆగుతాయి. సాధన ఆ మెట్టు నుంచే మొదలవ్వాలి.

6.9 చదరాలు. క్యాలెండరు దేవుళ్లనో సినిమా బొమ్మలనో గళ్లు గీసి దించారా? రబ్బరు పెట్టినా గళ్ల గాడి ఏటవాలు వెలుగులో కనబడుతుంది. గళ్లు వేసి దించినవాళ్లకి కొలత బాగా కుదురుతుంది. ఎదురుగా ఉన్న వస్తువు కాగితం మీద పెట్టమంటే మాత్రం చేయి తడబడుతుంది, ఎందుకంటే చదును చేసే పని అంతవరకు ఫొటోయే చేసి పెట్టింది.

7. ఏది ఉంచాలి, ఏది మార్చాలి

ఇప్పుడు మీ దగ్గర తొమ్మిది లెక్కలున్నాయి. అన్నీ ఒకేసారి సరిచేయాలని కూర్చోవద్దు. రెండు మార్చండి, ఒకటి ఉంచండి.

ఉంచేదాన్ని తప్పకుండా రాసుకోండి. ప్రతి పాత పుస్తకంలో ఒక బలం ఉంటుంది: ఒకరు చీర అంచుల డిజైను విసుగు లేకుండా నింపి ఉంటారు, ఇంకొకరి జంతువుల్లో కదలిక ఉంటుంది. సరిదిద్దే ధ్యాసలో బలం మరిచిపోతే కొన్ని వారాలకే గీయడం శిక్షలా తోస్తుంది.

మార్చేవాటిలో గీత, ఒత్తిడి ముందు. ముఖాలు, చేతులు తరువాత. గీత కుదరని చేతికి శరీర కొలతలు నేర్పినా ప్రయోజనం తక్కువ.

8. ఒక విషయం, మూడు బొమ్మలు

ఆరు వారాల సాధనకి ఇదే వెన్నెముక. వారానికి ఒక పాత బొమ్మ. ముఖాలతో మొదలుపెట్టకండి, ఇల్లు, చెట్టు, వస్తువు ముందు.

మొదటి రోజు. పాత బొమ్మ ఒక్క నిమిషం చూసి మూసేయండి. అదే కొలతలో, అదే రకం పెన్సిలుతో, జ్ఞాపకం మీద గీయండి. 20 నిమిషాలు. బాగుచేయాలని చూడకండి, చేయి ఎలా పోతే అలా.

రెండో రోజు. అదే విషయాన్ని ఎదురుగా కూర్చుని గీయండి. 20 నిమిషాలు. కొలతకి పెన్సిలు చేయి చాచి పట్టుకుని, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి చూడాలి. మోచేయి కొంచెం వంగినా రెండు కొలతలు పొసగవు. క్యాలెండరు వినాయకుడైతే పూజగదిలోని ఇత్తడి విగ్రహం పెట్టుకోండి. సినిమా హీరో అయితే ఇంట్లోవాళ్లని అదే భంగిమలో అయిదు నిమిషాలు నిలబెట్టండి.

మూడో రోజు. మూడూ పక్కపక్కన పెట్టి ఈ అయిదు ప్రశ్నలకి రాతలో జవాబు చెప్పండి:

- పాతదాంట్లో, జ్ఞాపకంలో ఒకేలా వచ్చింది ఏది?
- ఎదురుగా చూసి గీసినదాంట్లో మాత్రమే ఉన్నది ఏది?
- పాతదాంట్లో ఉండి ఈనాటి రెండిట్లో పోయినది ఏది?
- ఏ గీత దగ్గర చేయి ఆగింది?
- ఏ ఒక్క భాగం మార్చితే బొమ్మ మారుతుంది?

నాలుగో, అయిదో రోజులు. ఆ ఒక్క భాగం మాత్రమే, రోజుకి ఆరుసార్లు. ఒక్కోటి అయిదు సెంటీమీటర్లు దాటకూడదు.

ఆరో రోజు. మొత్తం బొమ్మ మళ్లీ. ఏడో రోజు సెలవు.

కొబ్బరిచెట్టుతో చూద్దాం. పాత బొమ్మలో మాను నిటారు గొట్టం, పైన అయిదు మట్టలు గొడుగులా ఉంటాయి. జ్ఞాపకం మీద గీసినా అంతే వస్తుంది. చెట్టు ముందు కూర్చుంటే మొదలు లావుగా ఉబ్బి, మాను ఒక పక్కకి వాలి, దాని మీద రాలిన మట్టల వలయాలు కనిపిస్తాయి. లేత మట్టలు నిటారుగా, ముదురువి అడ్డంగా, పండిపోయినవి కిందికి వేలాడుతుంటాయి. మార్చవలసిన భాగం వేలాడే మట్ట. నాలుగో, అయిదో రోజుల్లో అదొక్కటే గీస్తే ఆరో రోజు చెట్టుకి వయసు వస్తుంది.

కొండలకీ ఇదే. పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు, రాయగడలో ఏ వైపు చూసినా, కొండ త్రికోణంలా ఉండదు. ఒక గట్టు వెనక ఇంకో గట్టు, దూరం పోయేకొద్దీ పాలిపోతుంది. ముందు దూరపు గట్టు హెచ్‌బీతో తేలిగ్గా, మధ్యది 2బీతో, దగ్గరిది 4బీతో వేయండి. ఈ వరస తిప్పితే దూరం పోతుంది.

9. గీత, ఒత్తిడి, చోటు: వాకిలీ గోడా నేర్పేవి

వెంట్రుక గీతకి మందు మెలికల ముగ్గు. గచ్చు మీద సుద్దముక్కతో ఏడు చుక్కలు, అయిదేసి సెంటీమీటర్ల ఎడంలో. పైనా కిందా సందు చుక్కలు ఆరు, అయిదు, నాలుగు. మొత్తం 37 చుక్కలు. మెలిక ఒక్కటీ ఆపకుండా చుట్టాలి. వంగి పెద్దగా వేసేటప్పుడు చేయి భుజం నుంచి కదులుతుంది, మణికట్టుకి పని ఉండదు. వారం చేశాక అదే కదలికతో కాగితం మీద 15 సెం.మీ. గీతలు పది గీయండి: రెండు చుక్కలు పెట్టి, పెన్సిలు ఆనించకుండా రెండుసార్లు గాలిలో నడిపి, మూడోసారి ఒకే గీత. వంకర వచ్చినా మళ్లీ దాని మీద గీయకూడదు.

ఒత్తిడికి: పెన్సిలు కొసకి దూరంగా, ఆరు ఏడు సెంటీమీటర్లు వెనక పట్టుకోండి. కొస సన్నగా, పొడవుగా చెక్కండి. ముల్లు సుమారు 8 మి.మీ. బయటికి ఉండాలి. అంత పొడుగు ముల్లుతో ఒత్తితే విరుగుతుంది, కాబట్టి చేయి దానంతట అదే తేలికవుతుంది.

చోటుకి సవర గోడబొమ్మల క్రమం నేర్చుకోదగ్గది. గజపతి, రాయగడ జిల్లాల సవర ఊళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, వెదురు పుల్లతో వేసే ఇడితాల్‌లో ముందు అంచు చట్రం వస్తుంది, ఆ తరువాత లోపల మనుషులు, చెట్లు, జంతువులు నిండుతాయి. మీరు 15×20 సెం.మీ. చట్రం గీసి, సెంటీమీటరు వెడల్పు అంచు ముందు నింపి, అప్పుడు లోపలికి రండి. అంచు పక్కనుంచి మొదలెట్టిన చేయి మధ్యలో ముడుచుకోదు. ఇడితాల్ వేయడం సవరలకి పూజ. క్రమం నేర్చుకోండి, ఆ బొమ్మలు దించి మీవని చెప్పుకోవద్దు.

మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ల ముందు తడి బియ్యప్పిండితో వేసే జోటి కూడా చూడండి. పిండి వేళ్ల నుంచి జారుతుండగానే లక్ష్మీపాదం పూర్తవ్వాలి, చెరిపే వీలుండదు. ఇరుగుపొరుగు పెద్దావిడని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతుంది.

10. రోజువారీ అరగంట

పాత బొమ్మలు ఎప్పుడు గీశారో అవే చెబుతాయి. నోటుపుస్తకం వెనక పుటలు నిండి ఉంటే మీ చేయి చిన్న చిన్న విరామాల్లో పనిచేసేది. అరగంట ఒకేసారి కూర్చోలేకపోతే పది నిమిషాలు మూడుసార్లు పెట్టుకోండి. పెద్ద కాగితాలు సెలవుల్లో నిండి ఉంటే ఆదివారం గంటన్నర మేలు.

అరగంట పంపకం:

- 5 నిమిషాలు: గీతలు, సున్నాలు, మెలికలు
- 20 నిమిషాలు: ఆ రోజు పని
- 3 నిమిషాలు: కొంచెం దూరంగా పెట్టి చూడటం
- 2 నిమిషాలు: తేదీ, చోటు, సమయం, ఒక వాక్యం రాయడం

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపే కానివ్వండి; ఆ తరువాత చెమట చేతికి కాగితం అంటుకుంటుంది. అరచేతి కింద ఒక చిన్న కాగితం ముక్క ఎప్పుడూ ఉంచాలి. వానాకాలంలో కాగితం మెత్తబడి పెన్సిలు సరిగా పట్టదు, 4బీ బురదలా పరుచుకుంటుంది. ఆ నెలల్లో హెచ్‌బీ, 2బీ చాలు. నీటిరంగులు ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది, ఆరకముందే పుస్తకం మూయకండి.

11. బయటికెళ్లి గీసేటప్పుడు

గోపాలపూర్ తీరంలో ఉదయం పడవలు ఒడ్డుకొచ్చాక చాలాసేపు కదలవు, అప్పుడు గీయవచ్చు. అక్కడి జాలరుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, పలకరించి కూర్చుంటే చోటిస్తారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో పులి వేషాలు నిలబడవు. అక్కడ ఒక్కో బొమ్మకి 30 సెకన్లు, వెన్నెముక గీత, కాళ్ల వంపు, అంతే.

సంతల్లో, ముఖ్యంగా రాయగడ జిల్లా చటికోన బుధవారం సంతకి కొండల మీది నుంచి వచ్చే డోంగ్రియా కొంధు గిరిజనుల్ని గీయాలంటే ముందు అడగండి. తల అడ్డంగా ఊపితే పుస్తకం మూసేయాలి. దూరం నుంచి దొంగచాటుగా ఫొటో తీసి ఇంటికొచ్చి గీయడం మర్యాద కాదు. పైగా అందులో మళ్లీ పాత గళ్ల అలవాటే వచ్చి చేరుతుంది. బుట్టలు, త్రాసులు, అరటి గెలలు గీయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు.

12. తరచు జరిగే పొరపాట్లు

పాత బొమ్మని సరిదిద్దడం. పాత కాగితం మీద కొత్త గీత పడకూడదు. ఫొటో ప్రింటు మీద గీసుకోండి.

నీడని వేలితో రుద్దడం. వేలి నూనె కాగితంలో దిగి మచ్చలవుతుంది, ఆ తరువాత రబ్బరుకీ లొంగదు. నీడ ఒకే దిక్కు గీతలతో వేయండి. ముదురు కావాలంటే అడ్డంగా ఇంకో వరస.

వారంలో మూడు రోజులు తప్పాయి. కొత్త వారం మొదలెట్టకండి. ఆగిన రోజు నుంచే పట్టుకోండి. మొదటి రెండు రోజుల బొమ్మలే పోగుపడి, సరిదిద్దే నాలుగో రోజు ఎప్పటికీ రాని పుస్తకాలు చాలా ఉంటాయి.

అందరికీ చూపించడం. మొదటి మూడు వారాలు ఫోను స్టేటస్‌లో పెట్టకండి. మెచ్చుకోలు వచ్చిన బొమ్మనే చేయి మళ్లీ మళ్లీ వేస్తుంది.

పిల్లల బొమ్మలతో పోల్చడం. ఇంట్లో పిల్లలు పక్కన కూర్చుంటే కూర్చోనివ్వండి, వాళ్ల గీతలు సరిచేయకండి.

13. దాచడం, తుపాను జాగ్రత్తలు

ఫైళ్లు పడుకోబెట్టి, ఒక దొంతరలో పదికి మించకుండా, మధ్యమధ్య తెల్లకాగితం వేసి ఉంచాలి. ట్రంకు పెట్టె గోడకి ఆనకూడదు, నేల మీద పెట్టకూడదు. నాలుగు ఇటుకల ఎత్తు, గోడకి జానెడు ఎడం. చెదలు గోడ వెంట వస్తాయి. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, వాన నెలల్లో మార్చండి.

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి సెప్టెంబరు ఆఖరుకల్లా పెట్టె కిటికీకి దూరంగా, ఛాతీ ఎత్తున ఉండే చోటికి మార్చండి. తుపాను హెచ్చరిక ఉన్న ఆ రెండు మూడు రోజులు మాత్రం పైన ప్లాస్టిక్ కప్పవచ్చు, తరువాత తీసేయాలి.

తడిస్తే:

- అంటుకున్న పుటలు తడి మీద విడదీయకండి.
- పుస్తకం నిలబెట్టి, విడిపోయే చోట్ల మాత్రమే తెల్లకాగితం దూర్చండి. దినపత్రిక వద్దు, దాని సిరా అంటుకుంటుంది.
- కాగితాలు గంటకోసారి మార్చండి, ఫ్యాను గాలి పక్కనుంచి తగలాలి.
- రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే కొన్నిటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టి, ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. దానికి కరెంటు ఉండాలి.
- స్కెచ్ పెన్ను బొమ్మలు ముందు ఆరబెట్టండి, వాటి రంగు నీటికి కారుతుంది. పెన్సిలువి ఆగుతాయి.

ఆరో వారం అయ్యాక కొత్త పుస్తకం నుంచి పది బొమ్మలు తీసి, పాత మూడు వరసల కింద నాలుగో వరసగా పరచి, ఆరో విభాగంలోని లెక్క మళ్లీ వేయండి. మార్చాలనుకున్న రెండిట్లో ఒకటైనా పదిలో మూడుకి తగ్గితే, ఆ లెక్కలోంచి తరువాతి అలవాటు తీసుకోండి. తగ్గకపోతే అదే రెండిటితో ఇంకో ఆరు వారాలు, ఈసారి వేరే పాత బొమ్మలతో.